ఆరో మంచం బేసిన్

పొద్దుటి మాత్రలు వేసిన రెండు గంటలకి, ఆయమ్మ మంచాల కింద ఒంటేలు బేసిన్లు ఒక్కొక్కటే తీసి బాత్రూమ్‌కి మోస్తోంది. పిల్లల క్షయ వార్డులో ముప్పై ఒక్కేళ్లుగా ఇదే పని. నడుం వంగింది, అరచేతులు ఫినాయిల్‌కి పాలిపోయాయి. ఇంట్లో కోడలు ఆమె గ్లాసు వేరుగా పెట్టింది. పెడితే పెట్టిందిలే, కడుక్కునేది నేనేగా అని సరిపెట్టుకుంది. ఇవాళ్టితో ఉద్యోగం సరి. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు, ఆమె గుర్తుచేయనూ లేదు.

ఆరో మంచం దగ్గర చెయ్యి ఆగింది. బేసిన్‌లో తేట నీళ్లలా ఉంది. ఎర్ర మాత్ర మింగితే నారింజ రంగు రావాలి, మిగతావాళ్లందరికీ వచ్చింది. నెలన్నర పక్క వార్డులో చేసి ఆమె మొన్ననే తిరిగొచ్చింది. నిన్న కూడా ఇది తేటగానే ఉందని గుర్తొచ్చింది. పెద్దచదువుల వాళ్లు ఎక్స్‌రేలు చూస్తారు, ఆయమ్మ బేసిన్లు చూస్తుంది. ఎవరి పుస్తకం వాళ్లది.

ఆ మంచం మీది తొమ్మిదేళ్ల పిల్లకి నెలన్నరైనా జ్వరం దిగలేదు. మందుకి లొంగడంలేదు, రేపు రౌండ్లో సూదిమందు రాసేస్తానని డాక్టరు నిన్ననే అన్నాడు. ఆ సూదులతో ఒక పిల్లాడికి చెవులు పోవడం ఆయమ్మ కళ్లారా చూసింది.

బేసిన్ పట్టుకుని నర్సు దగ్గరికి పరిగెత్తింది.

"ఆ పిల్లకి మాత్ర నా చేత్తో నేనే వేస్తున్నా. కందకి లేని దురద కత్తిపీటకెందుకు ఆయమ్మా?" అంది నర్సు.

డాక్టరు అప్పటికే నాలుగో మంచం దగ్గరున్నాడు. ఇన్నేళ్లలో ఆయమ్మ ఏ డాక్టరు ముందూ తనంతట తాను నోరు విప్పలేదు. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు?

"సార్, ఆరో మంచం పాప మాత్ర మింగట్లేదు."

"నీకెవరు చెప్పారు?"

"ఇదిగో, ఈ బేసిన్ చెప్పింది సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరు నవ్వలేదు. బేసిన్‌లోకి చూసి, తిన్నగా ఆరో మంచానికి నడిచాడు.

పిల్ల పౌడరు డబ్బాని పొట్టకి అదుముకుంది.

"నా తల్లివి కదూ, ఏదీ, చూడనీ," అంటూ ఆయమ్మ పిల్ల తల నిమిరి మూత తీసింది. డబ్బా నిండా నర్సు కళ్లుగప్పి దాచిన ఎర్ర మాత్రలే.

"అమ్మ కూడా దగ్గుతోంది," అంది పిల్ల వెక్కుతూ. "ఎవరికీ చెప్పొద్దంది, పనిలోంచి తీసేస్తారట. మరి అమ్మకి మందెవరిస్తారు?"

డాక్టరు కేసు కాగితం తీశాడు. 'ఇంట్లో దగ్గేవాళ్లు లేరు' అన్న చోట కొట్టేశాడు. సూదిమందు రాయలేదు. తల్లిని వెంటనే పిలిపించమన్నాడు.

"అమ్మ మందు అమ్మకిస్తారు. నీది నువ్వే మింగాలి," అని ఆయమ్మ మాత్ర అందించింది.

పిల్ల గటుక్కున మింగి, నోరు బార్లా తెరిచి చూపించింది. "రేపు రంగొస్తుందా? నువ్వే చూస్తావా?"

"నేను కాక ఇంకెవరు చూస్తారే!" అనేసింది. ఇవాళే ఆఖరి రోజని అన్నాకగానీ ఆయమ్మకి గుర్తురాలేదు.

సాయంత్రం తల్లిని కఫం పరీక్షకి తీసుకెళ్లడం ఆయమ్మ కిటికీలోంచి చూసింది. ఏప్రన్ విప్పి మేకుకి తగిలించి, పక్క గుమ్మంలోంచి వెళ్లిపోయింది.

మర్నాడు బేసిన్లు తీయడానికి కొత్త ఆయా వచ్చింది. పిల్ల మంచం దిగి అడ్డుపడింది. "మా ఆయమ్మ చూశాకే పారబొయ్యాలి!"

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఆరో మంచం కింద, ఆయమ్మ వస్తే కనపడాలని పిల్ల మూత పక్కకి జరిపి పెట్టిన బేసిన్, నారింజ రంగు తిరిగి, అలాగే ఉంది.