హాజరు పిలుపు

రెండు వందల మందికి మొక్కజొన్న నూకల జావ కాచడమంటే మాటలు కాదు. ఒక్క నిమిషం గరిటె వదిలితే ముద్దకడుతుంది. అందుకే ఇరవై ఏడేళ్లుగా కింగ్ గారి పుట్టినరోజు విందు నాడు ఒథీలియా చర్చి వంటగదిలోనే ఉండిపోతోంది. గోడకవతల హాల్లో జరిగేదంతా, గిన్నెలందించే కిటికీలోంచి చెవిన పడినంతే ఆమెకు.

నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడి ప్రాణమిచ్చిన కింగ్ గారు ఈ అలబామా పల్లెకు ఎన్నడూ రాలేదు. అయినా ఇప్పుడు ఊళ్లో సగం మంది ఆయన తమ తాతగారింట్లోనే భోంచేశాడంటారు. పరుపుల కొట్టువాడు ఆయన బొమ్మ పెట్టి ధరలు తగ్గిస్తాడు. మేయరు గారు ఏటా వచ్చి ఆయన ‘నాకో కల ఉంది’ ఉపన్యాసంలో మాటలే అప్పజెప్పి, బన్నుల్లాంటి వేడి బిస్కెట్లు తిని వెళతారు. ఒథీలియాకు వాళ్ల మీద కోపం లేదు. మంచివాణ్ణి బొత్తిగా మరిచిపోవడం కంటే ఎలాగోలా తలుచుకోవడం నయమే. ఆమె బాధల్లా హాజరు పిలుపు గురించే.

అది ఆ చర్చి ఆచారం. పందొమ్మిది వందల అరవై అయిదులో కింగ్ గారి మాట మీద ఊరేగింపుగా నడిచి జైలుకెళ్లిన నలభై ఒక్కమంది పేర్లూ విందుకు ముందు చదువుతారు. బతికున్నవాళ్లు లేచి ‘ఉన్నాను’ అంటారు. పోయినవాళ్ల తరఫున వాళ్లింటివాళ్లు లేచి ‘ఉన్నారు’ అంటారు. ఆ పేర్లలో ఒథీలియా తల్లి ఆర్మెల్లా పేరు లేదు. చదివేది ఒథీలియా భర్త, చర్చి పెద్దల్లో ఒకడైన డీకన్ క్లీవన్.

నిన్న సాయంత్రం అతని తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ అడిగింది. “ఈ ఏడన్నా మా అమ్మ పేరు చదవరాదూ?”

“మళ్లీ మొదలెట్టావూ? అది జైలుకెళ్లినవాళ్ల జాబితా. మీ అమ్మ వంటింట్లో ఉంది. వండినవాళ్లందరినీ చదువుతూ కూచుంటే విందు సాయంత్రానికి గాని మొదలవదు,” అని నవ్వాడు క్లీవన్. చెడ్డవాడేం కాదు. రోజూ ఆమె మోకాళ్లకు మందు రాసే మనిషే. కానీ అప్పుడు మాత్రం చొక్కా కాలరు వంక చూశాడే గాని ఆమె మొహం వంక చూడలేదు.

అమ్మ వంటింట్లో ఉన్న మాట నిజమే. ఊరేగింపు వాళ్లు జైల్లో ఉన్న పదకొండు రోజులూ వాళ్ల పిల్లలు పద్నాలుగు మంది అమ్మ రెండు గదుల ఇంట్లోనే పడుకున్నారు. ఆరేళ్ల ఒథీలియా బల్ల కింద పడుకుంది. పొద్దు పొడవకముందే అమ్మ బిస్కెట్లు కాల్చి, పెద్ద తట్టలో సర్ది, జైలు వెనక తలుపు దాకా మోసుకెళ్లేది. అమ్మ వంట చేసే తెల్లవాళ్లింటి దొరసానికి ఆ సంగతి తెలిసింది. “రేపట్నుంచి రానక్కర్లేదు,” అంది. తొమ్మిదేళ్ల పని పోయింది. ఊరు మాత్రం ఆర్మెల్లా చేతి బిస్కెట్లంటే ఇప్పటికీ లొట్టలేస్తుంది. అమ్మ పేరు ఊరి నాలుక మీద రుచిగానే మిగిలింది.

ఈవేళ పొద్దున్నే క్లీవన్ వంటగదిలోకొచ్చి, జాబితా బల్ల మీద పెట్టి కాఫీ పోసుకున్నాడు. ఎప్పుడూ వినడమే గాని ఆ కాగితాన్ని ఒథీలియా కళ్లారా చూసింది లేదు.

“ఈ పేర్లు ఎక్కడివి?”

“అలా అడుగుతావేం? పాత పాస్టరు గారు షెరీఫ్ ఆఫీసుకెళ్లి, అరెస్టుల పుస్తకం చూసి ఎత్తి రాసుకొచ్చారు. ఒక్క తప్పుండదు. వాళ్లు భలే జాగ్రత్తగా రాసుకున్నారు మరి!”

కప్పూ జాబితా పట్టుకుని వెళ్లిపోయాడు. ఒథీలియా చేతిలో గరిటె ఆగింది. మనల్ని కటకటాల వెనక పెట్టినవాడు రాసుకున్నవాళ్లనే ఇన్నేళ్లూ మనం తలుచుకుంటున్నామా? వాడు వదిలేసినవాళ్లను మనమూ వదిలేశామా? పరలోకానికి వెళ్లేవాళ్ల పేర్లు జీవగ్రంథంలో రాసే దేవుడు కూడా వాటిని షెరీఫ్ దగ్గరే ఎత్తి రాసుకుంటాడా? ప్రభువా, తప్పుగా అడుగుతుంటే క్షమించు. కానీ అడుగుతున్నాను.

“జెనీవా, పొయ్యి ఆర్పెయ్.”

“ఓసి నీ దుంపతెగ, జావ గడ్డకట్టిపోతుందే!” అంది పక్కన నిలబడి బిస్కెట్లు తీస్తున్న జెనీవా.

“కట్టనీ. రా, కూచుందాం.”

వంటవాళ్లు ఆరుగురూ ఏప్రన్లతోనే హాల్లోకి వెళ్లి ముందు వరసలో కూర్చున్నారు. హాజరు పిలుపు మొదలెట్టబోతున్న క్లీవన్ వాళ్లను చూసి తడబడ్డాడు. అయినా నలభై ఒక్క పేర్లూ చదివాడు. తరవాత అలవాటు కొద్దీ, “ఇక మన వంటింటి సోదరీమణులు ఒక్కసారి బయటికొస్తే చప్పట్లు…” అంటూ కిటికీ వైపు తిరిగి, ఆగిపోయాడు.

ఒథీలియా లేచింది. “చప్పట్లు వద్దు డీకన్ గారూ. షెరీఫ్ రాసుకున్న పేర్లు అయిపోయాయి. మనం రాసుకోవలసినవి ఉన్నాయి.”

“అవి నా దగ్గర లేవు కదే,” అన్నాడు క్లీవన్ మెల్లగా.

“నా దగ్గరున్నాయి. ఆర్మెల్లా టాలీ.”

మేయరు గారు గడియారం చూసుకున్నారు. వెనక బల్ల మీంచి ఎనభై నాలుగేళ్ల లూషస్ కర్ర ఊతంగా లేచాడు. నలభై ఒక్కమందిలో ఇంకా బతికున్నది ముగ్గురే, అందులో అతనొకడు.

“ఉంది,” అన్నాడు. “ఆ పదకొండు రోజులూ నేను తిన్నది ఆ తల్లి పెట్టిందే. రాసుకో క్లీవన్.”

క్లీవన్ జేబులోంచి కలం తీశాడు. ఒథీలియా చెయ్యి చాచింది. అతను ఒక క్షణం ఆ చెయ్యి వంక, తరవాత ఆమె మొహం వంక చూసి, కలమూ జాబితా రెండూ ఇచ్చేశాడు. ఆమె కాగితం తిరగేసి అమ్మ పేరు రాసింది.

“ఇంకా ఎవరు?”

జెనీవా తన నాయనమ్మ పేరు చెప్పింది. జైల్లో ఉన్నవాళ్ల బట్టలుతికిన ఆమె పేరు ఇంకెవరో చెప్పారు. పేరు వెనక పేరు. కాగితం వెనకపక్క కూడా నిండింది. క్లీవన్ ఇంకో కాగితం కోసం జేబులన్నీ తడుముకుంటున్నాడు.