షాఫ్ట్ మీద గాటు

మూడో షాఫ్ట్ కూడా విరిగింది. మగ్గం ధడేల్మని ఆగిన చప్పుడుకు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి, మా ఆయన చంద్రమౌళి విరిగిన ముక్కలు చేత పట్టుకుని నన్నే చూస్తున్నాడు, విరగ్గొట్టింది నేనే అన్నట్టు.

"సూడు, మీ అన్న ఇనుము! గిది మూడోది."

మా అన్న జలపతిది కోరుట్లలో లేత్ దుకాణం. సిరిసిల్లలో మా మరమగ్గాలను తిప్పే షాఫ్టులు చేసిచ్చేది ఆయనే. మొదటిది విరిగినప్పుడు ఈయన ముఖం మాడ్చుకుని ఊరుకున్నాడు. రెండోదానికి మాత్రం టీ హోటల్ దగ్గర నలుగురు మగ్గాల యజమానుల ముందు, జలపతి నాసిరకం ఇనుము అంటగడుతున్నాడని అనేశాడు. నన్ను పుట్టింటి గడప తొక్కొద్దన్నాడు. రాఖీకి కూడా పంపలేదు. ఒళ్లు మండిపోయింది. అయినా గొడవెందుకని నోరు మూసుకున్నాను, నా ఖర్మ.

ఈసారి ముక్కలు తీసుకెళ్లి మా అన్న ముఖాన కొడతానని బయలుదేరాడు. నేనూ బస్సెక్కాను. వద్దన్నా వినలేదు.

మమ్మల్ని చూసి అన్న లేత్ ఆపి లేచాడు. మనిషి సగమయ్యాడు.

"మగ్గాల పని బంద్ పెట్టిన, చెల్లె. సిరిసిల్లోళ్లు ఎవ్వలు అస్తలేరు. ట్రాక్టర్ పిన్నులు చేస్తున్న. నా చేతులనే ఏదో తప్పున్నట్టుంది."

మా ఆయన మాత్రం సంచిని బల్ల మీద కుమ్మరించాడు. ముక్కలతో పాటు ఓ ఉలి కూడా పడింది.

"గిదెందుకు?" అన్నాను.

"కొత్తది ఇస్తె గీడనే గుర్తు పెట్టుకోవద్దా? మల్ల ఎవడన్న మార్చుకపోతడు."

మా వాడలో ఒకసారి రిపేరుకిచ్చిన షాఫ్టులు తారుమారయ్యాయి. అప్పటినుంచి అందరూ తమ షాఫ్టుకు ఉలితో గుర్తు పెట్టుకుంటారు. మిగతావాళ్లు చిట్టచివర చిన్న గీత గీస్తారు. ఈయన నడి షాఫ్ట్ మీద, ఆమడ దూరానికి కనిపించేలా, లోతుగా గాటు పెడతాడు.

అన్న, ముందు విరిగి తన దగ్గరకొచ్చిన రెండు షాఫ్టుల ముక్కలు తెచ్చి ఇప్పటివాటి పక్కన పరిచాడు. ఇన్నాళ్లూ ఇనుము లోపల బుడగ ఉందేమోనని వెతికాడు తప్ప పైన గాటు సంగతి ఎవరికి పట్టింది! మూడింటినీ ఒకచోట పెడితే తెలిసింది. విరిగిన చోట ఓ పక్క నల్లగా, నున్నగా ఉంది. తక్కినదంతా తళతళా గరుకుగా ఉంది. ఆ నలుపు మూడింటిలోనూ గాటు దగ్గరే మొదలైంది. అన్న రెండు ముక్కలను జతచేసి ఉలి అంచును గాటులో పెట్టాడు. సరిగ్గా కూర్చుంది.

"పగులు గీడ సురువైంది, బావా. మగ్గం తిరిగినకొద్ది జర్ర జర్ర లోపటికి పోయింది. మిగిలిన ఇనుము ఎంత సేపు ఆగుతది? పుటుక్కుమన్నది."

"గింత గీతకు గంత ఇనుము ఇరుగుతదా?"

నాకిక ఆగలేదు. "ఎందుకిరగదు? దుకాణంల నువ్వు నేసిన బట్టనే అంచుకు కత్తెరతోని గింత గాటు పెట్టి పర్రున చింపుతలేరా? గాటు లేకుంటె ఇద్దరు గుంజినా చిరుగుతదా?"

అన్న మూలన మిగిలిన కొత్త షాఫ్ట్ ఒకటి తీసి, దాని చివర ఎర్ర రంగుతో 'చం' అని రాసి, బల్ల మీద పెట్టాడు.

ఇప్పుడైనా తప్పైందంటాడేమోనని చూశాను. ఆయన ఆ అక్షరాన్ని వేలితో తడిమి, "రంగు పోతదేమో" అన్నాడు. ఇలాంటి మనిషితో ఎలా వేగాలి?

"నువ్వు పో. నేను గీడనే ఉంట. నలుగురి ముందట నువ్వన్న మాట నలుగుట్లనే ఎన్కకు తీస్కో. అప్పుడొస్త," అన్నాను.

మర్నాడు ఫోన్ చేశాడు. వెనక మగ్గం చప్పుడు వినిపిస్తోంది.

"షాఫ్ట్ ఎక్కించిన. మంచిగ నడుస్తుంది. ఎప్పుడొస్తున్నవ్?"

"గదే మాట టీ హోటల్ కాడ చెప్పినవా?"

మగ్గం ఆడుతూనే ఉంది. ఫోన్ పెట్టేశాను.

"నడుస్తుందంటనా, చెల్లె?" అన్న లేత్ దగ్గర్నుంచి ఆత్రంగా అడిగాడు.

"మంచిగ నడుస్తుందంట, అన్నా," అన్నాను. "నాకు చెప్తుండు. సిరిసిల్లల ఎవ్వలకు చెప్తలేడు."