డీట్‌మన్ వారి సొత్తు

మా ఊళ్ళో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళకి ఒక సంఘం ఉంది. పంతొమ్మిది మంది సభ్యులం. బౌలింగ్ హాలు వెనకగదిలో కూర్చుని ఒకరి బీరు ఒకరం రుచి చూసుకుంటాం. బాగా లేదని ఎవరూ అనరు. అందుకే ఎవరి బీరూ బాగుపడదు.

సంఘాధ్యక్షుడు డాక్టర్ హౌగెన్, పళ్ళ డాక్టరు. పెద్ద కంపెనీలు బీరుని చంపేశాయనీ, దాన్ని మనబోటి వాళ్ళమే బతికిస్తున్నామనీ ప్రతి సమావేశంలోనూ అంటాడు. ఆ బతికించే పని ఆయన తన గ్యారేజీలో, పైభాగం కోసేసిన మూడు స్టీలు పీపాల్లో చేస్తాడు. కొత్తగా అంత పెద్ద స్టీలు గిన్నె కొనాలంటే చాలా అవుతుంది. దుకాణంలో డిపాజిట్ కట్టి నిండు పీపా తెచ్చుకుని, తాగి, ఖాళీది తిరిగివ్వకపోతే సరిపోతుంది. ఆయన పీపాల మెడపట్టీ మీద అక్షరాలు ఉండాల్సిన చోట గ్రైండరుతో రుద్దిన గీతలుంటాయి. ఆ గీతల కింద ఏముండేదో గదిలో అందరికీ తెలుసు. ‘డీట్‌మన్ వారి సొత్తు.’

డీట్‌మన్ వాళ్ళది మా ఊరి చిన్న బీరు ఫ్యాక్టరీ. డెబ్బై దాటిన ఇర్మా డీట్‌మన్ దాన్ని నడుపుతుంది. జూన్‌లో ఆమె బౌలింగ్ హాలు గోడకి చీటీ అంటించింది. ‘పీపాలు చాలా పోయాయి. ఇలాగే ఉంటే ఆగస్టు సంతకి బీరు నింపలేను. ఎవరి దగ్గరున్నా తెచ్చి పెట్టండి. ఏమీ అడగను.’

ఆ మంగళవారం సమావేశంలో డాక్టర్ ఆ చీటీని గోడ మీంచి పీకి బల్ల మీద పెట్టాడు.

“లాయరమ్మ ఉండగా మనకేం భయం?” అన్నాడు నావైపు చూసి.

“నేను లాయర్ని కాదు డాక్టర్. లాయరు దగ్గర కాగితాలు తయారుచేసేదాన్ని.”

“ఏదైతేనేం లోరీన్, చదువుకున్నదానివి. డిపాజిట్ కట్టాం, తిరిగి అడగలేదు. అంటే కొన్నట్టే. ఆ ముక్క మీ ఆఫీసు కాగితం మీద రాసి ఇర్మాకి పంపు.”

మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళింది నేనొక్కదాన్నే. ఎవరైనా చట్టం గురించి అడిగితే సరిగ్గా చూసి చెప్పాలనుకుంటాను. చూసే వచ్చాను.

“కొన్నట్టు కాదు. తిరిగిస్తామని పెట్టే హామీ డిపాజిట్. పీపా ఎన్నాళ్ళున్నా ఫ్యాక్టరీదే. వాళ్ళు అమ్మినట్టు కాగితం ఇస్తేనే మనది.” ఆయన అర్థం కానట్టు మొహం పెట్టాడు. “మీ కాళ్ళకేసి చూడండి. కారు తాళాలు హామీగా కౌంటర్లో పెట్టి, హాలువాళ్ళు ఆటకిచ్చే బూట్లు తొడుక్కున్నారు. తాళాలు మీరే ఉంచుకోండి అని వాటితోనే ఇంటికి నడిచిపోతే, బూట్లు మీవైపోతాయా?”

స్కూలు బస్సు నడిపే వెండెల్ పగలబడి నవ్వాడు. “ఆ కంపు భరించేవాడికి ఊరికే ఇచ్చేస్తార్లే!”

డాక్టర్ నవ్వలేదు. “మరి నీ పీపా సంగతేంటమ్మా? మీ నాన్న ఇరవయ్యారేళ్ళు డీట్‌మన్‌లో పీపాలు కడిగాడు. నీది దానంతటది నడుచుకుంటూ మీ ఇంటికొచ్చిందా? వచ్చే మంగళవారం కాగితం తీసుకురా. తేలేకపోయావా, నోరు మూసుకుని నేను చెప్పిన ఉత్తరం రాస్తావు.”

నా దగ్గరా ఒక పీపా ఉంది. నేను డిగ్రీ తీసుకున్న రోజు నాన్న ఇచ్చింది. పైభాగం శుభ్రంగా కోసి, అంచు చెయ్యి కోసుకోకుండా ఆకురాయితో నునుపు చేసి ఇచ్చాడు. మెడపట్టీ మీద ఫ్యాక్టరీ పేరు అలాగే ఉంది. పేరు రుద్దలేదు కాబట్టి అది ఫ్యాక్టరీవాళ్ళు నాన్నకి ఇచ్చిందే అయ్యుంటుందని ఏడేళ్ళు అనుకున్నాను. నా చదువు నాకు పనికొచ్చింది అంతమాత్రమే.

ఇంటికెళ్ళేసరికి నాన్న టీవీలో బేస్‌బాల్ చూస్తూ రై రొట్టె మీద పచ్చి ఉల్లిపాయ చక్రాలు పేర్చుకుంటున్నాడు.

“నాన్నా, ఆ పీపా నీకు ఇర్మా ఇచ్చిందా?”

“ఎందుకు?”

“ఇచ్చిందా లేదా?”

“అడిగితే ఇచ్చేది.”

“మరి అడగలేదేం?”

నాన్న టీవీ గొంతు తగ్గించాడు. “ఇరవయ్యారేళ్ళు కడిగాను లోరీ. చేతులు చూడు. అన్ని వేల పీపాల్లో ఒక్కటి నాది కాకూడదా?”

“కాదు నాన్నా.”

“ఇందుకేనన్నమాట చదివించింది,” అన్నాడు. మళ్ళీ టీవీ గొంతు పెంచాడు. ఆట చివరిదాకా చూశాడు. అయ్యాక లేచి, “శనివారానికి కారు వెనక సీటు మడిచెయ్యి. లేకపోతే పీపా పట్టదు,” అన్నాడు.

శనివారం పొద్దున్న ఇద్దరం వెళ్ళాం. నన్ను ముట్టుకోనివ్వకుండా నాన్నే దాన్ని దించి ఫ్యాక్టరీ వాకిట్లోకి మోసుకెళ్ళాడు. ఇర్మా రబ్బరు బూట్లతో నేల కడుగుతోంది. నీళ్ళు కట్టేసి చూసింది.

“ఏం క్లెమ్, ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందా?”

“నీకు తెలుసా?”

“కోటు కప్పి మోసుకుపోతుంటే కిటికీ దగ్గరే ఉన్నాను. ఎండాకాలంలో కోటేంట్రా బాబూ అనుకున్నా.”

“మరి అడగలేదేం?”

“నువ్వే చెప్తావని చూశాను. చూస్తూనే ఉన్నాను.”

నాన్న టోపీ తీసి చేతిలో నలిపాడు. ఇంతలో నేను కల్పించుకుని, మూత మళ్ళీ అతికించలేరా అని అడిగాను.

“కోసేశాక అది పీపా కాదమ్మాయ్, బకెట్. పాత ఇనుము కొట్టుకి పోతుంది,” అంది.

పోనీ తీసుకెళ్ళు అంటుందేమోనని ఎదురు చూశాను. నిజం చెప్పాలంటే చాలాసేపే చూశాను. అనలేదు. ఎందుకంటుంది? రసీదు అడిగితే బీరు గ్లాసు కింద పెట్టే అట్టముక్క వెనక రాసిచ్చింది. ‘క్లెమ్ కుబియాక్ తెచ్చిచ్చిన పీపా ఒకటి. కోసేసినది. పనికిరాదు. ఇర్మా డీట్‌మన్.’

మంగళవారం ఆ అట్టముక్క డాక్టర్ ముందు పెట్టాను. “కాగితం లేదు. మా నాన్న అడక్కుండా తెచ్చాడు. తిరిగిచ్చేశాం.”

మా నాన్నని ఒక మాట అంటాడని సిద్ధపడి వెళ్ళాను. అది ఆయనకి పట్టనే లేదు. అట్టముక్క పైకెత్తి అందరికీ వినబడేలా చదివాడు. “పనికిరాదు! ఇర్మా సొంత చేతిరాత! మనవీ కోసినవే కదా? తిరిగిచ్చినా ఆవిడకేం ఒరగదు. ఉంచుకోవడమే న్యాయం. లోరీన్, శభాష్. దీన్ని ఉత్తరానికి జత చేద్దాం.”

తలలు ఊగాయి. ఊగిన తలల్లో ఇద్దరు టీచర్లున్నారు, ఒక చర్చి ఖజానాదారుడున్నాడు. కోసింది తామేనన్న సంగతి ఒక్కరికీ అడ్డు రాలేదు.

అట్టముక్క ఆయన చేతిలోంచి లాక్కున్నాను. “ఉత్తరం రాయను. మీ గ్యారేజీలో కోయనివి నాలుగున్నాయి. పోయిన నెల మీరే చూపించారు. వాటి సంగతేంటి?”

“అవి వేరు.”

“ఎలా వేరు?”

“వాటినింకా కొయ్యలేదుగా,” అన్నాడు, నాకు ఇంత చిన్న విషయం తెలియనందుకు జాలిపడుతూ.

నేను లేచి వచ్చేశాను. నా వెనకే వెండెల్ వచ్చాడు. మర్నాడు పిల్లల్ని స్కూల్లో దించాక, ఖాళీ బస్సులో రెండు పీపాలు పెట్టుకుని ఇర్మా వాకిట్లో దించి వెళ్ళాడట. సంఘం మొత్తం మీద వెనక్కి వచ్చినవి నాదీ, ఆ రెండూ. శనివారం డాక్టర్ గ్యారేజీలోంచి గ్రైండరు చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

ఆగస్టులో సంత జరిగే వారం నాన్న మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్ళడం మొదలుపెట్టాడు. పీపాలు తక్కువైనప్పుడు ఖాళీ అయినదాన్ని వెంటనే కడిగి మళ్ళీ నింపడమొకటే దారి. ఆ పని అంత వేగంగా చేయగలిగేవాడు ఇర్మాకి ఇంకొకడు లేడు. అయినా శనివారం మధ్యాహ్నానికి డీట్‌మన్ బీరు అయిపోయింది.

నేను సంతకి వెళ్ళేసరికి ఇర్మా కొట్టు ముందు డాక్టర్ హౌగెన్ ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడున్నాడు.

“ఇలా ఉంటే చిన్న ఫ్యాక్టరీలు ఎలా బతుకుతాయి?” అంటున్నాడు చుట్టూ ఉన్నవాళ్ళతో. “సంత రెండో రోజుకే చేతులెత్తేశారు. ఇక పెద్ద కంపెనీ బీరు తాగక ఏం చేస్తాం?”

కొట్టు వెనక నాన్న మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాడు. నీళ్ళ గొట్టం కట్టేసి, చేతులు తుడుచుకుని ముందుకొచ్చాడు.

“ఇంట్లో ఖాళీవేమైనా ఉంటే తెండి డాక్టర్,” అన్నాడు. “కడిగి పెడతాను.”