తమ్ముడికి దక్కిన మంచి ప్రతి

అన్నదమ్ముల్లో పెద్దవాడు పరిశోధకుడు, చిన్నవాడు బస్సు డ్రైవరు. చిన్నవాడికి ముగ్గురు పిల్లలు. పెద్దవాడికి పెళ్ళై ఏళ్ళు గడిచినా ఒక్క నలుసు లేదు. తమ్ముడు చంకలో ఒకణ్ణి, భుజాన ఒకణ్ణి వేసుకుని గుమ్మంలోకి రాగానే అన్నకి కడుపు భగ్గుమనేది. పైకి మాత్రం ఇకిలించేవాడు.

అతని పని మగ ఎలుకల మీద. కణాల్లో జన్యువుల కబురు మోసే ఆర్ఎన్ఏ మీద చిన్న రసాయన గుర్తులు పెట్టే ఎంజైమ్ ఒకటుంది. ఏ ప్రొటీన్ ఎప్పుడు తయారవ్వాలో తేల్చడంలో ఆ గుర్తులదే పెత్తనం. ఆ ఎంజైమ్ పనిచేయని ఎలుకల్లో వీర్యకణం తోక మొలవకుండా, గుండ్రంగా ఉండగానే ఆగిపోతుంది. పిల్లల కోసం చేయించుకున్న తన వీర్య పరీక్షలోనూ అదే కనిపించేసరికి, వెళ్ళి డాక్టరమ్మకి ఎలుకల సంగతి చెప్పాడు.

ఆవిడ అన్నదమ్ములిద్దరి రక్తమూ తీయించింది. ఆ ఎంజైమ్‌ని తయారుచేసే జన్యువుకి ఎవరిలోనైనా రెండు ప్రతులుంటాయి. తమ్ముడిలో ఒకటి చెడింది, ఒకటి బాగుంది. అన్నలో రెండూ చెడ్డవే.

"ఒక్క మంచి ప్రతి ఉన్నా చాలు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, మీకు రెండూ చెడ్డవే వచ్చాయి," అందావిడ.

"మొదట్నుంచీ మా ఇంట్లో మంచివన్నీ వాడికేలెండి," అన్నాడు. నవ్వుదామనుకున్నాడు గానీ రిపోర్టు మడిచి జేబులో కుక్కుకున్నాడు.

ఆ ఆదివారం అన్న ఇంటికొచ్చి తమ్ముడే వంటగదిలో నసుగుతూ మాట కదిపాడు.

"అన్నయ్యా, తప్పుగా అనుకోకు. నా వీర్యకణాలు వాడుకోండి. మనం మనం ఒకటే కదా."

వదిన చేతిలో గరిట ఆగింది.

"ముగ్గురు చాల్లేదట్రా? నా ఇంట్లో కూడా నీ పిల్లలే తిరగాలా?" అని అరిచాడు అన్న.

తమ్ముడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

"నన్నొక్క మాట అడిగారా?" అంది భార్య. "వాడి మీద మీకెందుకండీ అంత మంట?"

"బిడ్డ వాడిలా నవ్వితే నేను చూడలేను."

"పోనీ, ముక్కూ మొహం తెలియని దాతైతే?"

తెలియని మనిషి మీద ఏడవడానికి అతనికి ఏదీ దొరకలేదు. "సరే," అన్నాడు.

మరుసటి ఏడు, దాత వీర్యకణాలతో, ఆడపిల్ల పుట్టింది. తమ్ముడు ఆసుపత్రికి వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"రారా లోపలికి," అన్నాడు అన్న.

తమ్ముడు చేయి తిరిగినవాడిలా పాపని ఎత్తుకున్నాడు. ఏడుపు టక్కున ఆగింది. అన్న రెండు చేతులూ చాచాడు.

"ఇలా ఇవ్వు. నా కూతురు."

అతని చేతుల్లోకి రాగానే పాప గుక్కపట్టింది.

"తల కింద చెయ్యి పెట్టు అన్నయ్యా," అన్నాడు తమ్ముడు మెల్లగా.

అన్నకి ఒళ్ళు మండింది. అయినా పెట్టాడు.