రెండిట్లో ఏది దగ్గర?

హోబర్ట్ టాకెట్ ప్రాణం పోయేటప్పుడు అతని తల నా ఒళ్ళో ఉంది. పికప్ ట్రక్కు వెనక, పాత దుప్పటి మీద. ముందు స్టీరింగ్ పట్టుకున్నది అతని భార్య జెల్లా. మా కౌంటీ ఆస్పత్రి తలుపులకు చెక్కలు కొట్టి అప్పటికి మూడు వారాలు. కొండ దాటి పక్క కౌంటీ ఆస్పత్రికి నలభై మైళ్ళు. ఇరవై ఏడో మైలు దగ్గర అతను నా చెయ్యి వదిలేశాడు. అద్దం మీద కొట్టి ఆ మాట చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. మిగతా పదమూడు మైళ్ళూ జెల్లా అతను బతికే ఉన్నాడనుకుని తోలింది.

సమాధి దగ్గరికి కౌంటీ కమిషన్ అధ్యక్షుడు గార్లండ్ ప్రూయిట్ కూడా వచ్చాడు.

"చాలా బాధగా ఉందమ్మా," అన్నాడు.

"ఆస్పత్రి ఉంటే బతికేవాడు," అంది జెల్లా.

"నన్నంటే ఏం లాభం చెప్పు? మూసెయ్యమన్నది జనమే. నూటికి అరవై ఎనిమిది మంది! జనం మాట నేను కాదనగలనా?"

నా ఒళ్ళు మండిపోయింది. చంపినవాడు వచ్చి చచ్చినవాడి మీదే నేరం మోపుతున్నాడు. కానీ ఆ అరవై ఎనిమిదిని తయారుచేసిన చేతుల్లో నా చెయ్యి కూడా ఉంది.

ప్రజల అభిప్రాయాలు ఎక్కడ పుడతాయో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు పుస్తకాలు రాస్తారట. మా ఊళ్ళో అవి బ్యాంకు పై అంతస్తులో పుట్టాయి. అక్కడ ఇరవై ఆరు టెలిఫోన్లు, ఇరవై ఆరు మంది ఆడవాళ్ళం. గనుల్లో పని పోయినవాళ్ళ పెళ్ళాలం, ఊపిరితిత్తుల్లో బొగ్గు నిండి పోయినవాళ్ళ విధవలం. కమిషన్ కోసం జనం అభిప్రాయాలు సేకరించే ఒక కంపెనీ మమ్మల్ని కూర్చోబెట్టి ఊరందరికీ ఫోన్లు చేయించింది. ప్రశ్న కాగితం మీద ఉండేది. రాసినట్టే చదవాలి, ఒక్క మాట తేడా రాకూడదు. మా ఫోన్లన్నీ సూపర్‌వైజర్ చెవిలోనే ఉండేవి.

'మీ ఇంటిపన్ను పెంచి, నష్టాల్లో ఉన్న పాత ఆస్పత్రిని కొనసాగించాలంటారా? లేక పన్ను పెంచకుండా, మెరుగైన వైద్యానికి దారి తెరవాలంటారా?' అదీ ప్రశ్న. ఎవరైనా మూడో మాట చెప్తే, "రెండిట్లో ఏది మీ అభిప్రాయానికి దగ్గర?" అని మళ్ళీ అడగాలి. దారి తెరవడమంటే తలుపులు మూయడమని ఆ కాగితంలో ఎక్కడా లేదు.

హోబర్ట్‌కు ఫోన్ చేసింది నేనే. నా గొంతు గుర్తుపట్టి నవ్వాడు. "ఏంటే వెర్లీ, పెద్దదొరసానిలా మాట్లాడుతున్నావ్? మేమెందుకే పన్ను కట్టడం? కొండలన్నీ బొగ్గు కంపెనీవేగా, వాళ్ళని కట్టమను. అది రాసుకో."

"రెండిట్లో ఏది మీ అభిప్రాయానికి దగ్గర?" అన్నాను. సూపర్‌వైజర్ వింటున్నాడు.

"సరేలే. నా మూలాన నీ ఉద్యోగం పోవడమెందుకు? రెండోది రాసుకో," అన్నాడు.

రాసుకున్నాను.

హోబర్ట్‌ను పూడ్చిన తర్వాతి ఆదివారం, ప్రార్థన అయ్యాక ఆల్తియా వాళ్ళ చర్చిలో, కింది గదిలో ఫోన్లు చేసిన ఇరవై ఆరు మందిమీ కూడాం. ఆల్తియా నల్లజాతి గని కార్మికుడి కూతురు, మా వరసలో నాలుగో ఫోను. మొక్కజొన్న రొట్టె, బీన్స్ ముందున్నా ఎవరికీ ముద్ద దిగలేదు.

"మనమేం చేశాం? ఇచ్చింది చదివాం, అంతేగా," అంది ఒకామె.

"తుపాకీ కూడా అంతే అంటుంది. నేనేం చేశాను, నొక్కితే పేలాను అంటుంది," అంది ఆల్తియా.

"ఉద్యోగం పోతే నా పిల్లలకు నువ్వు పెడతావా?"

"పెడతానే. నాకుంటే నీకూ ఉంటుంది. రేపు నీ పిల్లకు జ్వరమొస్తే ఆ నలభై మైళ్ళూ ఎవరు మోస్తారో ముందు అది చెప్పు!"

గొడవ చాలాసేపు నడిచింది. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు, ఒకామె తిరిగొచ్చింది. క్షమించడం గురించి చర్చిలో చిన్నప్పటి నుంచి విన్నాను. నాకు ఆ రోజు క్షమ అక్కర్లేదు. ప్రూయిట్ నలుగురిలో నోరు పెగలక నిలబడాలి, నేను కళ్ళారా చూడాలి. అదే మాట పైకి అన్నాను. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు.

మంగళవారం పొద్దున పదింటికి కోర్టు హాల్లో కమిషన్ సమావేశం. ఆస్పత్రి భవనాన్ని ప్రూయిట్ తన బావమరిదికి అమ్మే కాగితం మీద ఆ రోజే సంతకం. అది పడితే ఇక మాకు ఆస్పత్రి లేదు. హాలు కిక్కిరిసింది. ప్రూయిట్ లేచి, "ప్రజల అభిప్రాయం ప్రకారం..." అని మొదలుపెట్టాడు.

నేను లేచి నిలబడ్డాను. ఫోన్లో మాట్లాడే గొంతుతో ప్రశ్న మొత్తం ఒక్క మాట తేడా లేకుండా చెప్పాను. ఆల్తియా లేచి అదే చెప్పింది. తర్వాత ఇంకొకామె. అలా ఇరవై ఐదు మందిమీ లేచాం.

వెనక నుంచి ఒక ముసలి కార్మికుడు నావైపు వేలు చూపించి అరిచాడు: "ఈ గొంతు నాకు తెలుసు! నన్నడిగింది ఇదే! ఆస్పత్రి మూస్తామని చెప్పావటే నువ్వు?"

"చెప్పలేదు. కాగితంలో లేదు," అన్నాను.

"ముండల్లారా!" అని ఎవరో కుర్చీ తన్నారు. ఆ తిట్టు మాకు న్యాయమే. నేను జెల్లా వైపు తిరిగాను. హోబర్ట్ నాతో ఏమన్నాడో, నేను ఏం రాసుకున్నానో అందరి ముందూ చెప్పాను.

జెల్లా నా ముఖంలోకి చూసింది. "నీతో తర్వాత తేల్చుకుంటా," అంది. "ముందు వీడి సంగతి."

ఆమె ప్రూయిట్ బల్ల ముందుకు నడిచింది. "అయ్యా, నాదీ ఒక ప్రశ్న. ఒకటి, లంచం తిని నా మొగుణ్ణి చంపావు. రెండు, లంచం తినకుండా ఊరికే చంపావు. రెండిట్లో ఏది నీకు దగ్గర?"

"ఇదేం ప్రశ్నమ్మా! నేను అసలు..."

"మూడోది లేదు! ఏది దగ్గర?"

హాలంతా అందుకుంది. ఏది దగ్గర? ఏది దగ్గర? ప్రూయిట్ నోరు తెరిచాడు, మూశాడు. పెన్ను కింద పడితే వంగి తీసుకోలేకపోయాడు. చూశాను. ఎంత హాయిగా ఉందో దాచను.

సమావేశం రద్దు చేశామని అరిచి ప్రూయిట్, కమిషన్ వాళ్ళు వెనక గుమ్మంలోంచి జారుకున్నారు. షెరీఫ్ మనుషులు లోపలికి వచ్చారు. ఇరవై ఐదు మందిమి లేచి నిలబడితే, వాళ్ళ కంటికి నల్లగా ఉన్న ఆల్తియా ఒక్కతే కనబడింది. చేతులు వెనక్కి విరిచి ఈడ్చుకుపోతుంటే ఆమె అరిచింది: "నా వెనక రాకండే! ఆస్పత్రికి పోండి! సంతకం ఇంకా పడలేదు!"

మూడు వందల మందిమి పోయాం. గని దిగే కార్మికులు గడ్డపారలతో వచ్చి తలుపుల చెక్కలు ఊడబెరికారు, అందరం లోపలికి పోయి కూర్చున్నాం. ఆల్తియాను వదిలి, డాక్టర్లను తెచ్చేదాకా కదలమని కబురు పంపాం. మూడింటికి ఒక కుర్రది పరిగెత్తుకొచ్చింది, రాష్ట్ర పోలీసులు నాలుగు బస్సుల్లో వంతెన దాటారని.

జెల్లా లేచింది. గోడవారనున్న ఇనప మంచం ఒక కొస పట్టుకుని నన్ను చూసింది. నన్ను క్షమించలేదు. ఇవాళ్టికీ క్షమించలేదు.

"చూస్తావేంటే? ఆ కొస పట్టు," అంది.

పట్టాను. మంచం ఈడ్చి తలుపుకు అడ్డం వేశాం. మా వెనక ఇంకో మంచం కదిలింది, దాని వెనక ఇంకోటి.