అరవై మూడో సెకను

మీరు నన్ను తెర మీద చూసే ఉంటారు. నేనొక ఎర్ర మీటను. నన్ను నొక్కగానే ఆకాశంలో రాకెట్టు ముక్కలవడం చూసి హాల్లో జనం గుండెలు పట్టుకున్నారట. నిజానికి నా వెనక ఒక్క తీగ కూడా లేదు.

ఎక్కడ పుట్టానో గుర్తులేదు. ఊహ తెలిసేసరికి వికారాబాద్ దగ్గర ఒక పిండిమరకి బిగించి ఉన్నాను. ఎవరి చున్నీ అయినా బెల్టులో చిక్కుకుంటే మర యజమాని పెంటయ్య పరుగున వచ్చి నా నెత్తిన ఒక్కటి చరిచేవాడు. మర టక్కున ఆగేది. ప్రాణం దక్కినవాళ్లు పెంటయ్యకి దండం పెట్టేవారు, దెబ్బ తిన్నది మాత్రం నేను. మర మూతపడ్డాక పాత సామానుతో కలిసి రాణిగంజ్ ఇనపసామాను బజారు చేరాను. అక్కడ ఎల్లేశం కంటపడ్డాను.

ఎల్లేశం సినిమా సెట్లకి సామాను సమకూర్చే మనిషి. వయసు యాభై దాటింది, మాట తక్కువ. నా జిడ్డంతా తుడిచి, కార్లకి వేసే ఎర్ర రంగు పూసి, ప్లైవుడ్‌తో కట్టిన కంట్రోల్ రూములో నడిమి బల్ల మీద కూర్చోబెట్టాడు. ఇరవై రెండేళ్ల కిందట నిజంగా జరిగిన ఒక రాకెట్టు ప్రయోగం మీద సినిమా తీస్తున్నారు. మొదటిరోజు కెమెరాకి కొబ్బరికాయ కొట్టి, నాకూ కుంకుమ బొట్టు పెట్టారు. హీరో నన్ను నొక్కే ముందు ప్రతిసారీ తాకి కళ్లకద్దుకునేవాడు. పద్నాలుగు టేకులు! పిండిమర మీట రాకెట్టు ఎగరేస్తోందంటే మాటలా? నాకు కళ్లు నెత్తికెక్కాయి.

పదకొండో రోజు వకుళగారు వచ్చారు. ఆ ప్రయోగంలో పనిచేసి రిటైరైన ఇంజినీరు ఆవిడ. సలహాలు ఇవ్వమని పిలిపించారు. చేతిసంచీ ఇంకా భుజానే ఉంది, నన్ను చూసి అక్కడే నిలబడిపోయారు.

"ఇదెందుకు బాబూ ఇక్కడ పెట్టారు?"

"లాంచ్ బటన్ మేడమ్! మా హీరో నొక్కుతాడు," అన్నాడు డైరెక్టర్ భార్గవ హుషారుగా.

"రాకెట్టుని ఎవరూ మీట నొక్కి ఎగరెయ్యరండీ. చివరి నిమిషాలన్నీ కంప్యూటరే చూసుకుంటుంది. మా గదిలో ఎర్ర మీటంటూ ఒక్కటే ఉండేది. నా బల్ల మీద, మూత కింద. రాకెట్టు దారి తప్పి ఊళ్ల మీదికి తిరిగిందనుకోండి, గాల్లోనే పేల్చెయ్యడానికి. అది నేనే నొక్కాను."

నాకు దిమ్మ తిరిగిపోయింది. పద్నాలుగు టేకులు కళ్లకద్దించుకున్న నన్ను చూసి ఆవిడ అనాల్సిన మాటేనా అది? హీరో మొహం నాకంటే ఎర్రగా అయింది.

ఆవిడ కుర్చీ లాక్కుని చెప్పారు. రాకెట్టు లేచిన అరవయ్యో సెకనుకి కంప్యూటర్ తెర మీద దాని దారి చూపే గీత పక్కకి ఒరిగింది. ఆ పక్కనే జాలర్ల పల్లె. అరవై మూడో సెకనుకి ఆవిడ మీట నొక్కారు. పదకొండేళ్ల కష్టం సముద్రంలో పడింది. విచారణ కమిటీ మీరు చేసింది సరైనదేనని కాగితం మీద రాసిచ్చింది. కానీ ఆ రాకెట్టుని బిడ్డలా పెంచిన నరహరిగారు, ఆవిడకి పని నేర్పిన మనిషి, వరండాలో ఆపి ఒకే మాట అడిగారట. "భయపడ్డావా అమ్మా? ఇంకో రెండు సెకన్లు ఆగితే అదే సర్దుకునేదేమో!" ఆ తర్వాత పోయేదాకా ఆయన ఆవిడతో మాట్లాడలేదు.

భార్గవ కళ్లు మెరిశాయి. మనుషుల గుండె పగిలిన చోటే సినిమావాళ్లకి సీను దొరుకుతుంది కాబోలు. ఆ మధ్యాహ్నమే నన్ను పీకి, వకుళగారి పాత్ర వేస్తున్న తన్మయి బల్ల మీదికి మార్చారు.

"క్లోజప్‌లో వేలు వణకాలి," అన్నాడు భార్గవ.

"వణకలేదండీ," అన్నారు వకుళగారు.

"ఎమోషన్ కోసం మేడమ్. జనానికి అర్థం కావాలిగా."

"వణికిందని చూపిస్తే నేను భయపడి నొక్కానని నమ్ముతారు. నరహరిగారన్న మాటే నిజమవుతుంది. ఇరవై రెండేళ్లు ఆ ఒక్క మాటతో వేగానండీ. దయచేసి నన్ను అలా చూపించకండి."

అంత చదువుకున్న మనిషి ఒక్క వేలి కోసం బతిమాలుకోవడం చూసి నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడు తన్మయి పాత్ర కోసం పెట్టుకున్న చేతి గడియారం విప్పి ఆవిడ చేతికి పెట్టింది. "మీరే నొక్కండి మేడమ్. ఈ షాటులో నా మొహం కనపడదుగా."

భార్గవ కాసేపు నసిగి, చివరికి ఒప్పుకున్నాడు. మేకప్ మనిషి ఆవిడ చేతి ముడతలకి రంగు అద్దాడు. లైట్లు వేశారు. స్పీకర్లో లెక్క మొదలైంది. అరవై ఒకటి. అరవై రెండు. వేలు నా నెత్తిన ఆనింది. వెచ్చగా, నిలకడగా ఉంది. పెంటయ్య చెయ్యి కూడా అంత స్థిరంగా ఉండేది కాదు. అరవై మూడు. నొక్కారు.

భార్గవ 'కట్' అనాలి. అనలేదు.

ఆవిడ చెయ్యి తియ్యలేదు. ఒక క్షణం, రెండు క్షణాలు. అప్పుడు మొదలైంది వణుకు. వేలి నుంచి మణికట్టుకి, అక్కణ్ణుంచి మోచేతికి పాకింది. నా లోపలి స్ప్రింగు టకటకా కొట్టుకుంది. ఇరవై రెండేళ్లు ఆవిడ ఎక్కడ దాచుకున్నారో అదంతా నా నెత్తి మీదే కుమ్మరించారు. నేను బిత్తరపోయాను. భార్గవ కెమెరామన్‌కి సైగ చేశాడు, ఆపొద్దని. భార్గవకి కావలసిందే అది! ఇప్పుడు వచ్చిన వణుకుని కత్తిరించి, నొక్కే ముక్కకి ముందు అతికిస్తాడు. ఆవిడ కళ్లు మూసుకుని ఉన్నారు. అరుద్దామంటే నాకు నోరు లేదు.

ఉన్నట్టుండి అంతా తెల్లబడింది. ఎల్లేశం ఇంత పొడుగు థర్మాకోల్ షీటు పట్టుకుని తాపీగా వచ్చి కెమెరాకీ ఆవిడకీ నడుమ నిలబడ్డాడు.

"ఎల్లేశం, జరుగు! రోలింగ్‌లో ఉంది!" కెమెరామన్ గొంతు చించుకున్నాడు.

ఎల్లేశం కదలలేదు. షీటు అంచు దులుపుతూ నిలబడ్డాడు. వణుకు తగ్గి, వకుళగారు కొంగుతో మొహం తుడుచుకుని లేచేదాకా నిలబడ్డాడు.

"చెవుడా నీకు?" భార్గవ మీదికొచ్చాడు.

"నాకు ఇనబడలే సార్. జనరేటర్ సప్పుడుకు చెవులు పోయినయ్."

చీమ చిటుక్కుమన్నా వినే మనిషి అతను. అంత నిబ్బరంగా అబద్ధమాడతాడని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ సాయంత్రమే అతన్ని ఆ సినిమా నుంచి తీసేశారు.

ఇప్పుడు నేను ఎల్లేశం గోదాములో ఉంటున్నాను. తర్వాత రెండు సినిమాల్లో బాంబుగా, ఒకదాంట్లో లిఫ్టు మీటగా చేశాను. ఆ రాకెట్టు సినిమా విడుదలైన వారానికి, ఎల్లేశం నన్ను గుడ్డతో తుడుస్తుండగా ఫోను మోగింది. స్పీకర్లో పెట్టాడు. వకుళగారు.

"ఎల్లేశంగారూ, సినిమా చూశారటండీ? నాకు వెళ్లడానికి ధైర్యం చాలడం లేదు. వేలు... ఎలా ఉంది?"

"రాయి లెక్క ఉన్నదమ్మా. జెర సుత కదల్లే."



"అయితే రేపు ఉదయం ఆటకి వెళ్తానండీ," అన్నారావిడ.

ఎల్లేశం ఫోను పెట్టేసి నన్ను ఇంకోసారి తుడిచాడు. అప్పుడు మొదలైంది అతని వేళ్లకి వణుకు, ఆ రోజు ఆవిడకి వచ్చినట్టే.