దాచుకున్న గొంతు

బాలనర్సయ్య ఇనుప కడ్డీకి రెండోవైపు బరువు ప్లేటు ఎక్కించి, క్లిప్పు బిగించి, అరచేత్తో తట్టి చూశాడు. కదల్లేదు. పక్క కడ్డీ దగ్గరికి జరిగి మళ్ళీ వంగాడు. యాభై దాటిన నడుము కలుక్కుమంది గానీ మొహంలో ఏమీ కనబడలేదు. పటాలంలో హవల్దారుగా కొత్త సిపాయిలకు కవాతు నేర్పిన రోజుల నుంచీ ఆ మొహం అలాగే ఉండిపోయింది.

ఫిల్మ్ నగర్ కొండవాలులో ఒకప్పుడు సినిమా సెట్ల సామాను దాచిన గోదాము అది. మాజీ సైనికుల సంఘం కిరాయికి తీసుకుని, నేలంతా నల్ల రబ్బరు పరిచి జిమ్ చేసింది. మొదట్లో రిటైరైన సుబేదార్లు, జవాన్ల భార్యలు మాత్రమే వచ్చేవారు. హైటెక్ సిటీ పెరిగేకొద్దీ కంప్యూటర్ల ముందు నడుం పట్టేసిన కుర్రాళ్ళు రావడం మొదలుపెట్టారు. వాళ్ళ వెనకే సినిమా ఫైటర్లు, గుంపు సీన్లలో నిలబడేవాళ్ళు. మిలిటరీ ఆయన తిడుతూ చేయిస్తాడట అని ఒకరికొకరు చెప్పుకుని మరీ వచ్చేవారు. వాళ్ళకు కావలసింది ఆ తిట్లే. "లే! ఇంకోటి! ఎవడు ఆగమన్నడు నిన్ను?" అని అతను అరిస్తే రేకుల కప్పు అదిరేది. చేతులెత్తేసినవాడు కూడా ఇంకో నాలుగు తీసేవాడు.

ఆ గొంతు రెండు నెలల కింద బొంగురుపోయింది. జలుబనుకున్నాడు. అరుపులకు రాసుకుపోయిందనుకున్నాడు. మిలిటరీ ఆసుపత్రిలో డాక్టరు ముక్కులోంచి సన్నని గొట్టం దింపి చూసి, ముక్క తీసి పరీక్షకు పంపి, పోయిన వారం కూర్చోబెట్టి చెప్పాడు. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక మొత్తం తీసేయాలి. మాట పోతుంది. ఆసుపత్రిలో చేరాల్సింది రేపు ఉదయమే, అప్పటిదాకా గొంతుకు పని చెప్పొద్దన్నాడు.

భార్య మంజులతకు "గొంతుల గడ్డ, చిన్న ఆపరేషన్" అని మాత్రమే చెప్పాడు. మిగతాది ఎలా చెప్పాలో తెలియలేదు. తన నోటితోనే చెప్పాలన్నది మాత్రం తెలుసు. ఇంకెవరో చెప్పకూడదు. ఆపరేషన్ అయ్యాక సైగలతో చెప్పకూడదు. అందుకే పొద్దున లేచినప్పటి నుంచీ ఒక్క మాట ఖర్చుపెట్టలేదు. ఇవాళ జిమ్‌కు రాకపోయినా అడిగేవాళ్ళు లేరు. ఇంట్లో ఆమె ఎదురుగా కూర్చోవడం కన్నా ఇక్కడికి రావడం సులువనిపించింది.

బ్యాచ్ నిండింది. లెక్క చెప్పడానికి పద్మప్రియ ఉంది, ఓ సుబేదారు కూతురు, ఏడాదిగా అతని దగ్గర పని నేర్చుకుంటోంది. అతను చప్పట్లతో, వేళ్ళతో సైగ చేస్తుంటే ఆమె గట్టిగా చెబుతోంది. స్పీకర్లలో పాట దడదడలాడుతోంది. ఆ రోజు జంటల వంతు. ఒకరు కడ్డీని నేల మీంచి భుజాలకు, భుజాల మీంచి తల పైకి ఎత్తాలి. అంతసేపూ రెండోవారు బరువు బంతిని గుండెకు హత్తుకుని గుంజీలు తీయాలి. మధ్యలో ఊపిరి పీల్చుకునే సందు ఉండదు. గోడ మీద ఎర్రంకెల గడియారం తరిగిపోతూ తొందరపెడుతుంటుంది.

వేదవ్యాస్ కడ్డీ దగ్గర ఉన్నాడు. రాత్రంతా అమెరికా వాళ్ళతో కాల్స్‌లో ఉండి, ఆఫీసు క్యాబ్ దిగి నేరుగా వచ్చాడు. అతనికి జోడీ కుసుమకుమారి. నలభై అయిదేళ్ళ మనిషి, భర్త సరిహద్దులో పోయాక స్టూడియోల్లో హీరోయిన్ల జడలు అల్లుతూ బతుకుతోంది. ఎప్పుడూ అందరికన్నా వెనకే ముగించేది, ఒక్కరోజు కూడా మానేది కాదు.

బాలనర్సయ్య హాలు అవతలి చివర ఎవరిదో మోకాలు సరిచేస్తున్నాడు. తలెత్తి చూసేసరికి వేదవ్యాస్ మోచేతులు వణుకుతున్నాయి. కళ్ళు మూసుకున్నాడు. అలాగే కడ్డీని తల పైకి లేపాడు. అదే క్షణాన కుసుమకుమారి చేతిలోంచి బంతి జారి అతని వెనక్కి దొర్లింది. ఆమె వంగుతూ దాని వెంట వెళ్ళింది. కడ్డీ నడినెత్తి దాటి మెల్లగా వెనక్కి ఒరుగుతోంది.

బాలనర్సయ్య నోరు తెరిచాడు. పొట్ట బిగించి, ముప్పై ఏళ్ళుగా ఎప్పుడు పిలిచినా పలికిన ఆ అరుపును పిలిచాడు. గాలి వచ్చింది. సైకిల్ ట్యూబులోంచి పోయినట్టు, ఉత్త గాలి.

పరిగెత్తాడు. అడ్డొచ్చిన పెట్టెను కాలితో తన్ని, ఎవరి భుజాన్నో రాసుకుంటూ వెళ్ళి, రెండు చేతులా ఆమెను పక్కకు తోసేశాడు. వెనకే కడ్డీ పడింది. రబ్బరు మీద ఎగిరి, ప్లేటు అంచు అతని పిక్కను చీరుకుంటూ దొర్లిపోయింది.

పద్మప్రియ ఉరికి వెళ్ళి పాట ఆపింది. హాల్లో అందరి ఆయాసం ఒక్కసారిగా వినబడింది. వేదవ్యాస్ చేతులు ఇంకా పైకే ఉన్నాయి. కుసుమకుమారి నేల మీంచి లేస్తూ గీరుకుపోయిన మోచెయ్యి చూసుకుంది. వెనక ఏం పడిందో ఆమెకింకా తెలియదు.

"అదేంటండీ మాస్టారూ, మనిషిని అలా తోసేయడమేనా? ఒక్క మాట చెబితే తప్పుకోనా నేను?"

అందరూ అతని నోటి వంకే చూస్తున్నారు. అతను పద్మప్రియ వైపు తిరిగి, నువ్వు చేయించు అని తలతో సైగ చేసి, కుంటుకుంటూ బయటికి నడిచాడు.

మెట్ల మీద కూర్చుని పిక్క మీద రుమాలు కట్టుకుంటుంటే సంఘం కార్యదర్శి పట్టాభిరామయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. గుంటూరువైపు మనిషి, సుబేదార్ మేజర్‌గా రిటైరయ్యాడు.

"ఏవయ్యా, ఇంకా బాగవలేదా గొంతు?"

బాలనర్సయ్య ఎదురుగా ఉన్న బండరాళ్ళ కేసి, వాటి నెత్తిన లేచిన అద్దాల మేడ కేసి చూశాడు. బరబరమనే గొంతుతో, "తప్పు నాదే సార్. ఇయ్యాల నేను రావద్దుండె. అరుద్దామంటే రాలే" అన్నాడు. రుమాలు ముడి బిగించి, "రేపు మొత్తం తీసేస్తరంట" అన్నాడు.

కింద రోడ్డు మీద స్టూడియో వ్యాను ఒకటి గేరు మార్చుకుంటూ ఎక్కిపోయింది.

"మీ ఆవిడకి తెలుసా?"

తల అడ్డంగా ఊపాడు.

"వెళ్ళు. ఇంటికెళ్ళి చెప్పు ముందు."

కానీ అతను ఇంటికి వెళ్ళలేదు. మలుపు తిరిగి డబ్బింగ్ థియేటరుకు వెళ్ళాడు. సినిమాల్లో కవాతు సీను వస్తే తెర మీద ఎవరు పెదవులు కదిపినా "సావధాన్" అన్న కేక చాలాసార్లు అతనిదే. పేరు ఎక్కడా వేసేవాళ్ళు కాదు, అతనూ అడగలేదు. ఆ మధ్యాహ్నం ఒక సీనుకు రమ్మని వారం కిందటే కబురు పంపారు. గొంతు ఇలా ఉందని వాళ్ళకు చెప్పలేదు. ఒక్క కేకకు సరిపడా మిగిలి ఉండకపోతుందా అని దారి పొడుగునా లోలోపలే గొంతును తడుముకుంటూ నడిచాడు.

రికార్డిస్టు చంద్రశేఖర్ అతన్ని చూసి నొచ్చుకున్నాడు.

"అయ్యో, అనవసరంగా వచ్చారే! మీ కేక మా దగ్గరే ఉందిగా బాలనర్సయ్య గారూ, ఏడెనిమిదేళ్ళ కిందటిది. పొద్దున అదే పెట్టి చూశాం. అతికినట్టు సరిపోయింది."

బాలనర్సయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు. కోపం రావాలో ఊరట కలగాలో అర్థం కాలేదు. "ఒకసారి వినిపిస్తరా?" అన్నాడు. ఆ బొంగురు విని చంద్రశేఖర్ చప్పున తలెత్తి చూశాడు.

చీకటి గదిలో కేక లేచింది. సావ...ధాన్! ఆ వెనక బూట్లన్నీ ఒక్కటై నేలను కొట్టిన చప్పుడు. బాలనర్సయ్య వీపు తనకు తెలియకుండానే నిటారైంది. ఎవడో బలమైన మనిషి. రేపు కూడా ఇలాగే అరుస్తానని ఏ అనుమానమూ లేనివాడు. ఇప్పుడు నావి ఓ నాలుగు మాటలు రికార్డు చేసి ఉంచుతారా అని అడిగాడు. చంద్రశేఖర్ మైకు సరిచేసి, దగ్గరగా లాగి, తలుపు వేసి అవతలికి వెళ్ళాడు. ఎర్ర దీపం వెలిగింది.

మంజులతకు ఏదైనా చెబుదామనుకున్నాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వినడానికి ఉంటుంది కదా అని. దీపం వెలుగుతూనే ఉంది. నిలబడు, పరిగెత్తు, లే, ఇంకోటి. నాలుక మీదికి వచ్చినవన్నీ అవే. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరి మీదా అరిచి ఇంటికి వెళ్ళి ఊరుకునేవాడు. అన్నం పెట్టమని కూడా కంచం ముందు కూర్చోవడం ద్వారానే చెప్పేవాడు. అద్దం అవతల చంద్రశేఖర్ ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు. బాలనర్సయ్య చెయ్యి ఊపి, వద్దన్నాడు.

ఇల్లు కింది బస్తీలో, రెండు గదులు. ఎండ వాలుతుండగా లోపలికి అడుగుపెట్టాడు. మంజులత పిక్క మీది రుమాలు చూసి, "గదేంది, దెబ్బ తగిలిందా?" అని, కూర్చోబెట్టి కడిగి, పసుపు అద్దింది. ఆమె నెత్తి మీది పాపిట అతనికి కనబడుతోంది. నోరు తెరిచాడు. ఆమె లేచి వెళ్ళిపోయింది. కషాయం తెచ్చి చేతిలో పెట్టింది. తాగాడు. మళ్ళీ నోరు తెరిచాడు. ఆమె టమాట తొక్కు కోసం మిక్సీ ఆన్ చేసింది.

మిక్సీ గర్జిస్తోంది. దాని మీదికి లేచే గొంతు అతనికి లేదు. లేచి వెళ్ళి, గోడ మీది స్విచ్ ఆపాడు.

"ఏంది?" అంటూ ఆమె తిరిగింది.

"గడ్డ ఒక్కటే కాదే. గొంతు మొత్తం తీసేస్తరంట. మళ్ల మాట రాదు."

ఆమె చేతిలోని గరిటె అలాగే ఉంది. "ఎన్నొద్దులకు వస్తది?"

"రాదు. తీయకుంటే పానం పోతదన్నడు."

"ఎప్పుడు చెప్పిండు?"

"పోయిన వారం."

"వారం!" ఆమె గరిటెను గట్టు మీద విసిరింది. తొక్కు గోడ మీద చింది ఎర్రగా జారింది. "వారం దినాలు నోట్ల పెట్టుకొని తిరిగినవా? దినాం కషాయం కాసి పోస్తున్న, తాగుకుంట ఊకున్నవా? రేపు పోతందని తెలిసి ఇయ్యాల గూడ గా జిమ్ముకు వోయి అరిసొచ్చినవా?"

"అరవలే. రాలే." మింగబోతే నొప్పి పుట్టింది. "నీకు ఎట్ల చెప్పాల్నో తెల్వలే. దాచుకున్న. నీకోసమే దాచుకున్న."

ఆమె పైటతో మొహం గట్టిగా తుడుచుకుంది. స్టవ్ ఆపేసి, అతనికెదురుగా చాప మీద కూర్చుంది. బయట ఎవరో మోటారు సైకిలు స్టార్ట్ చేస్తుంటే అది పోయేదాకా ఆగింది.

"దాచుకున్నవు గద. మాట్లాడు మరి."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. అంగట్ల ధరలు చెప్పు. నేను వింట."

అతను వెతుక్కున్నాడు. చాలాసేపటికి, "చారు... నువ్వు మంచిగ చేస్తవు" అన్నాడు.

ఆమెకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. "ఇన్నేండ్లకా?"

ఆ తర్వాత ఎలాగో దారి దొరికింది. కవాతు నేర్పడం మొదలుపెట్టిన మొదటిరోజు సంగతి చెప్పాడు. మైదానం నిండా సిపాయిలు నిలబడి ఉంటే, సావధాన్ అనబోయి కోడిపిల్లలా కీచుమన్నాడట. వరసలన్నీ పగలబడి నవ్వాయట. వంటశాల వెనకకు పోయి ఏడ్చాడట. తర్వాత ఎవరూ లేవకముందే వాగు ఒడ్డుకు పోయి నీళ్ళ మీద అరుస్తూ గొంతు తయారు చేసుకున్నాడట. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మంజులత కూడా ఒకటి చెప్పింది. పెండ్లినాడు అతను ఆ గొంతుతో మంచినీళ్ళడిగితే దొంగలు పడ్డారనుకుని ఉరికిందట. వాళ్ళమ్మ, ఈ పిలగానితో ఎట్ల బతుకుతవే అని కండ్లనీళ్ళు పెట్టుకుందట. అతను నవ్వబోయి దగ్గాడు. దగ్గు తెరిపివ్వగానే మళ్ళీ అందుకున్నాడు.

మాట సన్నగిల్లేకొద్దీ ఆమె ముందుకు జరిగింది. చివరికి మోకాళ్ళు మోకాళ్ళు తగిలాయి. కాసేపటికి పెదవులు మాత్రమే కదులుతున్నాయి. ఆమె వాటినే చూస్తూ, ఊఁ కొడుతూ కూర్చుంది.

మర్నాడు ఆటో వచ్చింది. సంచిలో తువ్వాళ్ళు, పళ్ళెం, గ్లాసు సర్ది మంజులత గుమ్మంలో ఆగి, ఫోను పెట్టుకొమ్మంది. అతను కొద్దిగా నవ్వి తల అడ్డంగా ఊపాడు. ఆమెకు అర్థమయ్యేసరికి ఒక్క క్షణం పట్టింది. తాళం వేసింది.

ఆపరేషన్ అనుకున్నట్టే జరిగింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. వాళ్ళు తిరిగి రావడానికి చాలా రోజులు పట్టింది. వెళ్ళిన మొదటిరోజు సాయంత్రం దాకా, తాళం పడిన ఇంట్లో ఫ్రిజ్ మీద, ఛార్జింగు ఉన్నంతసేపూ జిమ్ వాళ్ళ పిలుపులతో అతని ఫోను మోగుతూ, ఆగుతూ, మళ్ళీ మోగుతూనే ఉంది.